రేకు డబ్బాలోంచి రేడియో: ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం

పిక్చర్ ట్యూబు పాడైన పాత కలర్ టీవీ ఒకటి బల్ల మీదికి చేరింది. అందులో నాకు కావలసింది అరచేతిలో ఇమిడే ఒక్క రేకు డబ్బా, అంటే కోరిన ఛానల్‌ను పట్టి ఇచ్చే ట్యూనరు. దానితో ఒక రేడియో కట్టాలి. చాలా దేశాల్లో అనలాగ్ టీవీ ప్రసారాలు ఆగిపోయాక ఈ డబ్బాలను పట్టించుకునేవారు లేరు. లోపలి పనితనం మాత్రం చెక్కుచెదరలేదు. బలహీనమైన సంకేతాన్ని పెంచే డ్యూయల్ గేట్ మాస్‌ఫెట్ (రెండు గేట్లున్న ట్రాన్సిస్టరు), దాని చుట్టూ వరాక్టర్ డయోడ్లతో (వోల్టేజీని బట్టి కెపాసిటెన్స్ మారేవి) శ్రుతి అయ్యే కాయిళ్లు, లోపలే ఒక ఫ్రీక్వెన్సీ పుట్టించే లోకల్ ఆసిలేటరు, దాన్ని వచ్చిన సంకేతంతో కలిపి రెండింటి తేడాను ఇచ్చే మిక్సరు, వీటిని ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే రేకు గోడలు.

సొంతంగా వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) రేడియో కట్టబోయినవాళ్లు ఎక్కువగా చేతులెత్తేసేది ఈ భాగం దగ్గరే. మూడు నాలుగు శ్రుతి వలయాలు ఒకే వోల్టేజీకి కలిసి నడవాలి. ఒకటి ముందుకు పోయి ఇంకొకటి వెనకబడితే రేడియో చెవిటిదవుతుంది. ఆ కష్టమంతా కర్మాగారంలో ఎవరో ముందే పడి పెట్టారు. మూత తీసి చూస్తే కాయిళ్ల చుట్ల మధ్య ఎడం ఒకేలా ఉండదు, కొన్ని పక్కకు ఒరిగి కూడా ఉంటాయి. చూడటానికి అజాగ్రత్తగా చేసినట్టు కనిపించినా, ఒక్కో కాయిల్‌నూ సాగదీసి, నొక్కి శ్రుతి చేసిన గుర్తులవి. వాటి జోలికి వెళ్లకుండా మూత మళ్లీ బిగించాను.

విప్పడం గురించి ఒక మాట. ప్లగ్గు పీకినంత మాత్రాన టీవీ సాధువైపోదు. సరఫరా భాగంలోని పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. కలర్ ట్యూబు యానోడ్‌కు వెళ్లేది 20 వేల వోల్టులకు పైమాటే, ఆ ఛార్జిని ట్యూబు గాజు చాలాసేపు పట్టి ఉంచుతుంది. కెపాసిటరును రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరులో సున్నా కనిపించాకే చెయ్యి పెట్టాను. ట్యూబు వైపు వెళ్లే అవసరం లేదు కాబట్టి వెళ్లలేదు. ఇలాంటి పని ముందెప్పుడూ చేయనివాళ్లు కంప్యూటరులో పెట్టే పాత టీవీ కార్డు నుంచి ట్యూనరు తీసుకోవడం మేలు. అందులో ప్రాణం తీసేంత వోల్టేజీ ఏదీ ఉండదు.

శనివారం రాత్రి

డబ్బా మీది అక్షరాలు చెరిగిపోయాయి. టీవీ బోర్డు మీద మాత్రం పిన్నుల పేర్లన్నీ అచ్చువేసి ఉన్నాయి: ఏజీసీ, బీఎం, బీటీ, బీఎల్, బీహెచ్, బీయూ, చివర ఐఎఫ్. ట్యూనరు పీకేముందే బోర్డును ఫొటో తీసుకున్నాను. బీఎం 12 వోల్టుల ప్రధాన సరఫరా. బీఎల్, బీహెచ్, బీయూలలో దేనికి 12 వోల్టులు ఇస్తే ఆ బ్యాండు మేలుకుంటుంది. బీటీ అంటే శ్రుతి వోల్టేజీ, దాదాపు సున్నా నుంచి 28 లేదా 30 వరకు. ఏజీసీ మాస్‌ఫెట్ రెండో గేటుకు పోతుంది, దాన్ని తగ్గిస్తే పెంపు తగ్గుతుంది. ఐఎఫ్ అంటే మధ్యస్థ ఫ్రీక్వెన్సీ, ట్యూనరు దింపిన సంకేతం బయటికి వచ్చే పిన్ను.

అన్ని ట్యూనర్లూ పనికిరావు. టీవీ ఛానళ్లు మూడు ముక్కలుగా ఉండేవి: 47 నుంచి 68 మెగాహెర్ట్జ్, 174 నుంచి 230, ఆపైన యూహెచ్‌ఎఫ్‌లో 470 నుంచి 860. పాతకాలపు ట్యూనర్లు అంతవరకే పట్టుకుంటాయి. మనకు ఆసక్తి ఉన్నవేమో 68కీ 174కీ నడుమ ఉన్నాయి: ఎఫ్‌ఎం ప్రసారాలు 87.5 నుంచి 108, విమానాల సంభాషణలు 118 నుంచి 137, అమెచ్యూర్ల (సరదాకు రేడియో నడిపేవాళ్ల) 2 మీటర్ల బ్యాండు 144 నుంచి. కేబుల్ ఛానళ్ల కోసం వచ్చిన తర్వాతి తరం ట్యూనర్లు 48 నుంచి 860 వరకు ఖాళీ లేకుండా తిరుగుతాయి. నా చేతిలోది ఆ రకమో కాదో తేల్చుకోవాలి.

ఇందుకు ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు, మామూలు ఎఫ్‌ఎం రేడియో చాలు. టీవీ ట్యూనరులో ఆసిలేటరు ఎప్పుడూ అందుకునే ఫ్రీక్వెన్సీ కంటే దాదాపు 38.9 మెగాహెర్ట్జ్ పైన మోగుతుంది. తక్కువ బ్యాండులో 48 అందుకుంటుంటే ఆసిలేటరు 87 దగ్గర ఉంటుంది, అంటే ఎఫ్‌ఎం రేడియో డయలు మొదట్లో. బీఎం, బీఎల్‌లకు 12 వోల్టులిచ్చి, బీటీని పొటెన్షియోమీటరుతో నెమ్మదిగా పెంచాను. రేడియోను స్టేషన్ లేని చోట, 100 దగ్గర, పెట్టి పక్కన ఉంచాను. ఒక చోటికి రాగానే బుసబుసమనే హోరు టక్కున ఆగిపోయింది. ఆసిలేటరు కారుతున్న సంకేతం రేడియోను నింపేసిందన్నమాట. అంటే ట్యూనరు ఇప్పుడు 61 దగ్గర వింటోంది. డయలులో 87 నుంచి 108 దాకా ఇలా వెంబడించడానికి బీటీలో మొదటి కొద్ది వోల్టులే ఖర్చయ్యాయి. ఇంకా బోలెడు వోల్టులు మిగిలి ఉన్నాయంటే ఈ డబ్బా 68 దగ్గర ఆగే రకం కాదు.

ఆదివారం

ట్యూనరు నుంచి బయటికి వచ్చేది ధ్వని కాదు, 33 నుంచి 40 మెగాహెర్ట్జ్ మధ్య ఒక వెడల్పాటి ముక్క. టీవీ ఛానల్ 7 లేదా 8 మెగాహెర్ట్జ్ వెడల్పు కాబట్టి అంత దారి వదిలారు. బీ/జీ అనే ప్రసార పద్ధతి టీవీల్లో చిత్రం 38.9 మీద, ధ్వని 33.4 మీద వస్తాయి. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ సెట్లలో ఆ జంట 45.75, 41.25. దీన్ని ఎఫ్‌ఎం రేడియోలు వాడే 10.7కు దింపాలి. అందుకు రెండో మిక్సరు, దానికో ఆసిలేటరు కావాలి.

లెక్క వేస్తూ కూర్చుంటే చక్కటి సంగతి తట్టింది. పాడైన సెట్‌టాప్ బాక్సుల్లో, డీవీడీ ప్లేయర్లలో 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది, ఎంపెగ్ వీడియో గడియారం అదే కాబట్టి. 27కు 10.7 కలిపితే 37.7. అది ట్యూనరు దారి మధ్యలోకే వస్తుంది! అవతలి పక్క, అంటే 27 నుంచి 10.7 తీసేస్తే వచ్చే 16.3, ట్యూనరు దారికి ఎంతో దూరం, కాబట్టి రెండో మిక్సరులో దొంగ ప్రతిబింబం (అదే తేడా ఇచ్చే అవతలి ఫ్రీక్వెన్సీ కూడా వినిపించడం) బెడద లేదు. మొదటి మిక్సరులో ప్రతిబింబం ఉంటుంది, వినే చోటికి 75.4 పైన. 98 వింటుంటే 173.4 దగ్గర. దాన్ని ఆపే పని ట్యూనరు లోపలి శ్రుతి వలయాలదే.

మిక్సరుకు ఎస్‌ఏ612 తీసుకున్నాను. ఎనిమిది పిన్నుల చిప్పు, లోపలే ఆసిలేటరుకు ట్రాన్సిస్టరు ఉంది, 6 వోల్టులతో నడుస్తుంది. క్రిస్టల్ విషయంలో ఒక మెలిక. బొమ్మ కార్ల రిమోట్లలో దొరికే 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ సాధారణంగా మూడో ఓవర్‌టోన్ రకం, అంటే మూల ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర వాడేది. ఈ సాదా వలయంలో పెడితే 27 దగ్గర కాక 9 దగ్గర మోగుతుంది. సెట్‌టాప్ బాక్సు నుంచి తీసింది నేరుగా 27 మీద మోగింది.

మిక్సరు తర్వాత 10.7 సెరామిక్ ఫిల్టరు, ఆపైన సీఏ3089. పాత చిప్పే కానీ పెంపు, డిటెక్టరు, సిగ్నల్ మీటరు, ఏఎఫ్‌సీ (జారే శ్రుతిని సరిదిద్దే వోల్టేజీ) అన్నీ అందులోనే ఉన్నాయి. ట్యూనరు మూతకున్న చిన్న రంధ్రంలోంచి ఐఎఫ్ కాయిల్ కోరు కనిపిస్తుంది. నేను తిప్పడానికి ఒప్పుకున్న ఒకే ఒక్క కోరు అది, అదీ ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో, 37.7 దగ్గర మీటరు ముల్లు అత్యధికంగా లేచేవరకు.

సోమవారం రాత్రి

స్టేషన్లు వచ్చాయి. వాటి మీద పరుచుకుని ఒక గుంయ్ మోత కూడా వచ్చింది.

ఈ మోత ఆంప్లిఫయరుది కాదు, ఎందుకంటే స్టేషన్ లేని చోట వినిపించదు. శ్రుతి వోల్టేజీలోని అలజడిది. లెక్క కట్టి చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. 174 నుంచి 230 దాకా 56 మెగాహెర్ట్జ్ దూరాన్ని సుమారు 28 వోల్టుల్లో నడిపిస్తున్నాం, అంటే వోల్టుకు 2 మెగాహెర్ట్జ్, మిల్లీవోల్టుకు 2 కిలోహెర్ట్జ్. యూహెచ్‌ఎఫ్‌లో 390 మెగాహెర్ట్జ్ అంతే వోల్టేజీలో, అక్కడ మిల్లీవోల్టుకు 14 కిలోహెర్ట్జ్. ఇదీ సగటు లెక్కే. వరాక్టర్ తక్కువ వోల్టేజీలో చాలా చురుకు, పైకి వెళ్లేకొద్దీ మందకొడి. సరఫరాలో మిగిలిన రెండు మూడు మిల్లీవోల్టుల అల కూడా స్టేషన్‌ను అటూ ఇటూ ఊపుతుంది, డిటెక్టరు ఆ ఊపునే ధ్వనిగా వినిపిస్తుంది. టీవీ తయారీదారులు దీనికోసమే టీఏఏ550 అనే 33 వోల్టుల చిప్పు పెట్టేవారు, వేడి మారినా దాని వోల్టేజీ పెద్దగా కదలదు.

రుజువు కోసం మూడు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి బీటీకి అవే ఇచ్చాను. మోత మాయమైంది. వరాక్టర్లు కరెంటు తాగవు, పొటెన్షియోమీటరు 100 కిలో ఓంలది, అంటే కరెంటు 0.27 మిల్లీఆంపియర్లే. ప్రయోగాలకు ఇంతకంటే నిశ్శబ్దమైన సరఫరా దొరకదు. శాశ్వతంగా మాత్రం టీవీ నుంచే తీసిన టీఏఏ550, దాని తర్వాత రెండు మెట్ల రెసిస్టరు కెపాసిటరు ఫిల్టరు. పొటెన్షియోమీటరు పది చుట్లది. ఒక్క చుట్టుది పెడితే స్టేషన్ మీద ముల్లు నిలపడానికి ఊపిరి బిగబట్టాలి.

బుధవారం

బలమైన స్టేషన్లు ఉండకూడని చోట్ల కూడా వినిపిస్తున్నాయి. ఒకటి డయలులో నాలుగైదు చోట్ల తేలింది. ముందు ప్రతిబింబమేమో అనుకుంటాం, కానీ 75 మెగాహెర్ట్జ్ దూరంలో కాదు, కొద్ది వందల కిలోహెర్ట్జ్ దూరంలో వస్తున్నాయి. అంటే రెండో మిక్సరు మునిగిపోతోంది.

ఈ ప్రాజెక్టులో అందరూ తేలిగ్గా తీసుకునే సంగతి ఇదేనని నా అభిప్రాయం. ట్యూనరు తలుపు 7 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఎఫ్‌ఎం బ్యాండులో స్టేషన్లకు 200 కిలోహెర్ట్జ్ చొప్పున ఎడం ఉందనుకున్నా, ఆ తలుపులోంచి 35 స్థానాలు ఒకేసారి లోపలికి వస్తాయి. మనం వినేది ఒకటి, మిక్సరు మోసేది అన్నిటినీ. పైగా ట్యూనరు వాటిని బాగా పెంచి పంపుతుంది. ఎస్‌ఏ612 సున్నితమైన చిప్పు, బలమైన సంకేతాలకు తట్టుకోలేదు. సన్నటి ఫిల్టరు దాని తర్వాతే ఉంది, అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోతోంది.

మందు ఏజీసీ పిన్నులోనే ఉంది. దానికీ ఒక పొటెన్షియోమీటరు పెట్టి 8 వోల్టుల నుంచి కిందికి దించాను. సగానికి వచ్చేసరికి దొంగ స్టేషన్లు ఒక్కొక్కటే రాలిపోయాయి, అసలు స్టేషన్లు మాత్రం కదలలేదు. ఇంకా దించితే బలహీనమైనవి కూడా పోతాయి. రేడియో బాగా వినిపించడానికి పెంపు తగ్గించాలని చెబితే కొత్తవాళ్లు నమ్మరు. ముల్లు ఎక్కువ లేస్తే సంతోషపడే అలవాటు నాకూ ఉంది, కానీ ఈ డబ్బా విషయంలో ముల్లును కాక చెవిని నమ్మాలి. ట్యూనరుకూ మిక్సరుకూ నడుమ 10 డెసిబెల్స్ తగ్గించే మూడు రెసిస్టర్ల మెట్టు కూడా వేశాను, దాన్ని తీయాలనిపించలేదు.

మరో చిన్న చికాకు: 27 మెగాహెర్ట్జ్ నాలుగో హార్మోనిక్ (నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీ) 108, అంటే ఎఫ్‌ఎం బ్యాండు అంచులోనే. అక్కడ ఒక మూగ క్యారియర్ కూర్చుంది. మిక్సరు బోర్డు చుట్టూ రాగి పూతున్న బోర్డు ముక్కలతో గోడలు కట్టి టంకం పెట్టాక చాలావరకు అణగింది.

శనివారం

జారడం గురించి. స్విచ్చు వేసిన అరగంట వరకు స్టేషన్ మెల్లగా పక్కకు జరుగుతూనే ఉంటుంది. సీఏ3089 ఇచ్చే ఏఎఫ్‌సీ వోల్టేజీని పెద్ద రెసిస్టరు ద్వారా బీటీకి కలిపితే పట్టి నిలుపుతుంది. అయితే ఏ దిక్కున కలపాలో ముందే ఆలోచించాలి. ఈ రేడియోలో మొదటి ఆసిలేటరు పైన ఉంది, కాబట్టి అక్కడ వర్ణపటం తలకిందులవుతుంది. గాలిలో చిత్రం కంటే 5.5 పైన ఉండే టీవీ ధ్వని, ఐఎఫ్‌లో అంతే కింద కనిపించడానికి కారణం అదే. రెండో ఆసిలేటరు కింద ఉంది, అక్కడ తలకిందులు కాదు. బీటీ పెరిగితే ఆసిలేటరు పెరుగుతుంది, ఐఎఫ్ పెరుగుతుంది. అందువల్ల ఐఎఫ్ పెరిగినప్పుడు బీటీని దించే దిక్కు కావాలి. వ్యతిరేకంగా కలిపితే ఏఎఫ్‌సీ స్టేషన్‌ను పట్టుకోవడానికి బదులు తరిమేస్తుంది.

ఎఫ్‌ఎం ప్రసారాలకు ఇది చాలు. డీ ఎంఫసిస్ (ప్రసారంలో పెంచిన కీచు ధ్వనులను తిరిగి తగ్గించడం) 50 మైక్రోసెకన్లకు పెట్టాను, అమెరికాలో అయితే 75. అమెచ్యూర్ బ్యాండులో మాట్లాడి ఆగే సంకేతాలకు మాత్రం ఏఎఫ్‌సీ పనికిరాదు, పట్టుకోవడానికి అక్కడ నిలకడగా ఏమీ ఉండదు. నిలకడ ట్యూనరులోనే ఉండాలి.

ఆదివారం

రెండో డబ్బా, పాత టీవీ కార్డులోది. దీనిలో టీఎస్‌ఏ5511 కుటుంబపు పీఎల్‌ఎల్ (ఆసిలేటరును క్రిస్టల్‌తో పోల్చి నిలిపి ఉంచే చిప్పు) ఉంది. శ్రుతి వోల్టేజీని మనం తిప్పనవసరం లేదు. రెండు తీగల మీద ఐదు బైట్లు పంపితే అదే తిప్పుకుంటుంది. 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆధారంగా 62.5 కిలోహెర్ట్జ్ మెట్లలో నడుస్తుంది. 33 వోల్టుల సరఫరా మాత్రం దీనికీ కావాలి.

ముందు చిరునామా. ఏడు బిట్ల లెక్కలో ఇది 96 నుంచి 99 వరకు ఏదైనా కావచ్చు, నా దానిది 97. తర్వాత రెండు బైట్లు భాగహార సంఖ్య. వినాల్సిన ఫ్రీక్వెన్సీకి 37.7 కలిపి 0.0625తో భాగించడమే. 99.8 కావాలంటే 137.5, అంటే 2200. దాన్ని 256తో విడదీస్తే 8, 152. నాలుగో బైటు 142 లేదా 206, శ్రుతి వోల్టేజీని కదిపే ఛార్జ్ పంప్ కరెంటు తక్కువా ఎక్కువా అనేదే తేడా. ఐదో బైటు బ్యాండు, అది ట్యూనరు తయారీని బట్టి మారుతుంది. నా డబ్బాకు తక్కువ బ్యాండు 160, మధ్య బ్యాండు 144, పై బ్యాండు 48.

మొదట 206 పెట్టి విన్నాను. స్టేషన్ వెంటనే తాళం పడింది కానీ వెనకాల సన్నటి ఈల. పీఎల్‌ఎల్ లోపల పోల్చి చూసుకునే ఫ్రీక్వెన్సీ 62.5లో ఎనిమిదో వంతు, 7.8 కిలోహెర్ట్జ్ చిల్లర. ఈల సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది. 142కు మార్చాక తాళం పడటం కాస్త ఆలస్యమైంది, ఈల దాదాపు పోయింది. టీవీకి ఛానల్ చప్పున మారాలి కాబట్టి వాళ్లకు 206 ముద్దు. మనకా తొందర లేదు.

ఈ బైట్లు పంపే చిన్న కంట్రోలరు బోర్డు, ఆర్డుయినోతో ఇంకో తలనొప్పి. దాని గడియారం 16 మెగాహెర్ట్జ్, తొమ్మిదో హార్మోనిక్ 144, ఆరోది 96. పీఎల్‌ఎల్ ఒకసారి విన్న సంఖ్యను సరఫరా ఉన్నంతసేపు గుర్తుంచుకుంటుంది. అందుకని ఐదు బైట్లు పంపగానే ఆర్డుయినోను నిద్రపుచ్చి, బటన్ నొక్కితేనే లేచేలా చేశాను.

మరో ఆదివారం

ఇప్పుడు 2 మీటర్ల బ్యాండు. సన్నటి ఎఫ్‌ఎం కాబట్టి సీఏ3089 పక్కన ఎంసీ3361 పెట్టాను. 10.245 క్రిస్టల్‌తో 10.7ను 455 కిలోహెర్ట్జ్‌కు దింపుతుంది, అక్కడ 15 కిలోహెర్ట్జ్ వెడల్పు ఫిల్టరు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అమెచ్యూర్ ప్రసారాలు 145.800 మీద వస్తాయి. దానికి 37.7 కలిపితే 183.5, భాగిస్తే శేషం లేకుండా 2936. బైట్లు 11, 120. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ ఈ మెట్ల మీద ఇంత చక్కగా కూర్చోవడం అదృష్టమే.

కేంద్రం నుంచి చిత్రాలు పంపుతున్న రోజుల్లో అది తల మీదుగా సాగిన ఒక ప్రయాణాన్ని పట్టుకున్నాను. యాంటెన్నా రెండు లోహపు కడ్డీల డైపోలు, ఒక్కో కడ్డీ అర మీటరుకు కొంచెం తక్కువ. కేంద్రం దగ్గరవుతున్నప్పుడు డాప్లర్ వల్ల 3 కిలోహెర్ట్జ్‌కు పైగా ఎక్కువగా, దూరమవుతున్నప్పుడు అంతే తక్కువగా వస్తుంది. 15 వెడల్పు ఫిల్టరు దాన్ని భరించింది. హోరులోంచి ఎగుడుదిగుడు ఈలలు లేచాయి, ఫోనులోని యాప్ వాటిని గీతలు గీతలుగా చిత్రంగా మార్చింది. ఒక్కో చిత్రానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది. పైభాగంలో ఇసుక చల్లినట్టున్నా, కింది సగం శుభ్రంగా ఉంది.

టీవీ డాంగిల్‌తో (కంప్యూటరు యూఎస్‌బీకి తగిలించే టీవీ రిసీవరు) ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోతుందిగా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. ఆర్‌టీఎల్2832యూ చిప్పున్న డిజిటల్ టీవీ డాంగిళ్లు 2012 నుంచి అలాగే రేడియోలుగా మారాయి, నా దగ్గరా ఒకటి ఉంది. ఈ బల్ల మీద జారుడును కొలవడానికి వాడింది దాన్నే. దానికీ ఈ రేకు డబ్బాకూ చుట్టరికం దగ్గరిదే.

మిగిలింది 145.500 లాంటి చోట్లు. 183.2ను 0.0625తో భాగిస్తే 2931.2 వస్తుంది. 2931 వేస్తే 12.5 కిలోహెర్ట్జ్ పక్కన పడతాం, సన్నటి ఫిల్టరుకు అది బయటే. 183 మీద 12.5 అంటే పది లక్షలకు 68 వంతులు. ఆ తేడా తీరాలంటే ట్యూనరులోని 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 273 హెర్ట్జ్ జరిపితే చాలు. క్రిస్టల్‌తో వరుసలో ఉన్న చిన్న కెపాసిటరు తీసి, ఆ స్థానంలో ట్రిమ్మరు టంకం పెట్టాను. ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పితే 145.500 మీద ముల్లు లేస్తోంది. మెట్ల మధ్య అత్యంత దూరం 31.25 కిలోహెర్ట్జ్, దానికి 680 హెర్ట్జ్ దాకా జరపాలి. అంత దూరం ట్రిమ్మరు ఒక్కటే లాగలేకపోతోంది. క్రిస్టల్‌కు వరుసలో చిన్న కాయిల్ కలిపి చూడాలి. విమానాల బ్యాండుకు ఏఎం డిటెక్టరు ఆ తర్వాత, అదీ ఉంటున్న దేశంలో వినడానికి అనుమతి ఉంటేనే. యూహెచ్‌ఎఫ్ పిన్నుకు ఇంకా వైరే వేయలేదు.